సత్తు పడవ

రెండువేల పదిహేడు జూన్‌లో ఒక శనివారం ఉదయం, మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీలో, మరియరాణి ఒక పడవను వేలి కణుపులతో కొట్టింది.

ఖంగున మోగింది.

పడవ ట్రైలరు మీద ఉంది. రాత్రి కురిసిన మంచు అంచుల మీద ఇంకా ఆరలేదు. ఆమె కణుపులు తడిశాయి. కోటుకు తుడుచుకుని మళ్లీ కొట్టింది — ముక్కు దగ్గర, నడుం దగ్గర, వెనక మోటారు బిగించే పలక దగ్గర.

ఖంగు. ఖంగు. ఖంగు.

ఎక్కడా గొంతు మారలేదు.

పడవను కొట్టి చూడమని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాన్న కొడుతుంటే విన్నది. కొత్త పడవ కొనేముందు, పాత పడవకు తారు పూసేముందు, వేటకు బయల్దేరే ప్రతి రోజూ ఆయన చెక్క మీద కణుపులతో కొట్టి, తల వంచి వినేవాడు. పుచ్చిన చెక్క బదులు పలకదనేవాడు.

ఇది చెక్క కాదు. సత్తు.

ఇక్కడివాళ్లు ఇలాంటి పడవను టిన్నీ అంటారు. యూనివర్సిటీలో ఆమెతో చదివే విఠల్ అల్యూమినియం బోట్ అంటాడు. వాళ్ల ఊరు ఉప్పాడలో అయితే సత్తు. సత్తు గిన్నె, సత్తు చెంబు, సత్తు తట్ట.

అమ్మ తట్ట కూడా ఇలాగే మోగేది.

పడవ కావలసింది విఠల్‌కి.

అతనిది నిర్మల్ దగ్గర ఒక పల్లె. శ్రీరాంసాగర్ నీళ్లు వాళ్ల చేల అంచుదాకా వచ్చి ఆగుతాయి. ఆ నీళ్లలో కొర్రమట్టలకు గాలం వేస్తూ పెరిగాడు. మెల్‌బోర్న్‌కి చదువుకోవడానికి వచ్చిన మొదటి చలికాలంలో ఎవరో అతనికి ముర్రే కాడ్ గురించి చెప్పారు.

మంచినీళ్ల చేప. మునిగిన చెట్ల మొదళ్లలో ఉంటుంది. పెద్దదైతే పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తాలి. ఎర వెనకాలే వస్తుంది. పడవ దాకా వస్తుంది. చూస్తుంది. వెనక్కి తిరుగుతుంది.

విఠల్ ఒడ్డు మీంచి గాలం విసిరాడు. గోడౌన్‌లో షిఫ్టు లేని ప్రతి వారాంతం విసిరాడు. ఒక చలికాలం పోయింది, ఇంకో చలికాలం పోయింది. చేప ఒడ్డుకు రాదు. చేప చెట్ల దగ్గర ఉంటుంది. చెట్లు నీళ్ల మధ్యలో ఉంటాయి.

"నువ్వొచ్చి చూడు మరియా," అన్నాడు. "నాకు పడవ గురించి ఏం తెల్వది. కట్ట మీద కూసొని గాలమేసినోణ్ణి."

వస్తానంది. చూడటానికే, అంది. ఎక్కనని కూడా అంది.

ఎందుకని అతను అడగలేదు.

అమ్మే మనిషి పేరు క్రిస్. అతని పెరట్లో రెండు పడవలున్నాయి. ఒకటి చదునుది — అడుగు బల్లపరుపు, అంచులు పొట్టి, ముందు భాగం పీటలా అడ్డంగా కోసినట్టు ఉంది. రెండోదానికి ముక్కుంది. ముక్కు పైకి లేచి ఉంది.

మరియరాణి చదును పడవను కొట్టనైనా కొట్టలేదు.

"ముక్కు లేకపోతే అలనెలా కోస్తుంది?" అంది.

పడవను లాగడానికి తన బండి తెచ్చిన జకరయ్య అంకుల్ గొంతు సవరించుకున్నాడు. ఆమె వెళ్లే తెలుగు చర్చిలో ఆయన పెద్ద. నరసాపురం మనిషి. విఠల్ ఆయన వైపు చూశాడు. అంకుల్ చెప్పబోయింది చెప్పలేదు.

ఆమె వంగి ట్రైలరు చక్రాలు చూస్తుంటే క్రిస్ విఠల్‌తో ఏదో అన్నాడు. చదును పడవ వైపు చెయ్యి చూపించి అన్నాడు. విఠల్ తల అడ్డంగా ఊపాడు.

ముక్కున్న పడవ అంకుల్ బండి వెనక బయల్దేరింది.

మరియరాణి వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు పడవెక్కరు.

ఎందుకని ఎవరూ అడగరు. చేప ఒడ్డుకు చేరేదాకా మగవాళ్లది. చేరాక ఆడవాళ్లది. తట్టకెత్తుకుని పిఠాపురం దాకా వెళ్లి అమ్ముకొస్తారు. పొద్దున్నే అమ్మ తట్ట మోగుతూ వెళ్లేది — గాజు తగిలితే మోగేది, కత్తి పడితే మోగేది, రాయి మీద దింపితే మోగేది. చేపలు పడ్డాక మోగేది కాదు.

సాయంత్రం అమ్మ తట్ట కడిగేది. కడిగి, బోర్లించేముందు, చిన్న మరియను అందులో నిలబెట్టి కాళ్లకంటిన ఇసక కడిగేది.

తట్టలో నిలబడితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

ఆమె ఇంటర్‌లో ఉండగా, ఒక రోజు, నాన్న పడవ అల విరిగే చోట బోర్లా పడింది. ఒడ్డున ఉన్నవాళ్లకు కనిపించేంత దూరం. ఆయనతో వెళ్లిన ఇద్దరూ ఈదుకొచ్చారు.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి రాని ఇంటి తట్టలో, వచ్చిన ప్రతి పడవవాళ్లూ ఒక చేప వేస్తారు. ఎవరూ పిలవరు. ఎవరూ పలకరించరు. వస్తారు, వేస్తారు, వెళ్తారు.

ఆ రోజు అమ్మ తట్ట నిండింది.

మరియరాణి దాని పక్కన ఇసకలో కూర్చుంది. కూర్చుని, తట్ట అంచు మీద కణుపులతో కొట్టింది.

మోగలేదు.

ఈ సంగతి ఆమె విఠల్‌కి ఒక్కసారే, పడవ మాట రాకముందు, చెప్పింది. యూని నుంచి వస్తూ, వెర్రిబీ ట్రైన్‌లో, కిటికీ వైపు చూస్తూ. అతను దిగాల్సిన స్టేషను వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అతను లేవలేదు.

పడవ కొన్నాళ్లు అంకుల్ ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంది.

విఠల్ పడవ నడిపే లైసెన్సు తెచ్చుకునేదాకా అక్కడే ఉంది. మరియరాణి క్లాసులయ్యాక అటు వెళ్లేది. టార్పాలిన్ ఎత్తేది. అడుగున నీళ్లు వదిలే కన్నానికి ఒక బిరడా ఉంది. బిగించేది, విప్పేది, మళ్లీ బిగించేది. విఠల్ లైఫ్ జాకెట్ తొడుక్కుంటే పట్టీ లాగి చూసింది. ఇంకో చుట్టు బిగించింది.

"ఊపిరాడ్తలేదు," అన్నాడు.

"ఆడక్కర్లేదు. తేలితే చాలు."

బయల్దేరే రోజు అంకుల్ పడవ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన పొడుగు. మోటారును, పెట్రోలును, దారిలో కంగారూలను, ఆస్ట్రేలియా ప్రభుత్వాన్ని — అన్నిటినీ ప్రభువుకు అప్పజెప్పాడు. ఆమెన్ అన్నాక విఠల్ జేబులోంచి నిమ్మకాయ తీసి ట్రైలరు చక్రం కింద పెట్టాడు.

"అదెందుకయ్యా? ఇప్పుడేగా దేవుడికి ఒప్పజెప్పాం," అన్నాడు అంకుల్.

"టైర్ల సంగతి మీరు చెప్పలే కద అంకుల్."

అంకుల్ బండెక్కి ముందుకు పోనిచ్చాడు. నిమ్మకాయ చితికింది.

మరియరాణి నవ్వింది. నవ్వాక, బండి ఆపించి, బిరడా ఇంకోసారి చూసింది.

ఐల్డన్ సరస్సు కొండల మధ్య ఉంది. ఆనకట్ట కట్టి నిలిపిన నీళ్లు. నీళ్ల కింద ఒక లోయ ఉంది. లోయలో చెట్లున్నాయి. చచ్చి, నిలబడే ఉన్నాయి. తలలు మాత్రం బయట.

అల లేదు.

ఆమె మొదట చూసింది అదే. అల లేదు. అల విరిగే చోటు లేదు. నీళ్లు ఒడ్డును తాకే చప్పుడు వినాలంటే మాట ఆపి వినాలి.

ముక్కు దేనికి మరి…

ఆ మాట పైకి అనలేదు.

విఠల్ పడవను నీళ్లలోకి దించి, వెనక పీట మీద కూర్చుని, మోటారు తిప్పాడు. బరువంతా వెనక్కి వచ్చింది. ముక్కు ఇంకా పైకి లేచింది. కొండ సందులోంచి గాలి వచ్చింది. గాలికి ముక్కు దొరికింది. పడవను పక్కకు తిప్పింది. అతను చెట్ల దగ్గర మోటారు ఆపి, గాలం తీసి విసిరేలోగా పడవ ఒడ్డు దారి పట్టింది.

వచ్చి, మరియరాణి నిలబడ్డ చోట, గులకరాళ్లకు తగిలింది.

ఖంగుమంది.

మళ్లీ వెళ్లాడు. మళ్లీ వచ్చాడు.

తను ఎలా నిలబడి ఉందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక కాలు ముందుకు. ఒక చెయ్యి కళ్ల మీద, ఎండ లేకపోయినా. అమ్మ అలాగే నిలబడేది.

వెళ్లే పడవను చూడటం ఆమెకు తెలుసు. ఇన్నిసార్లు తిరిగొచ్చే పడవను చూడటం తెలియదు.

అంకుల్ ఫ్లాస్కు తెరిచి మూతలో టీ పోశాడు. "ముందువైపు బరువుండాలమ్మా," అన్నాడు. "ఒక్కడే వెనక కూర్చుంటే దీంతో ఇదే తంటా. ఆ చదునుదైతే బల్ల మీద నిలబడ్డట్టు నిలబడి విసురుకునేవాడు. క్రిస్ ఆ రోజే చెప్పాడు."

"విఠల్‌కా?"

"అతనికి క్రిస్ చెప్పాలేంటి? వారం ముందే నాతో అన్నాడు, చదునుదే కొందామంకుల్ అని."

ఆమె నీళ్ల వైపు చూస్తూనే అడిగింది. "మరి ఇదెందుకు కొన్నాడు?"

అంకుల్ టీ ఊదుకున్నాడు. తాగలేదు.

"నేనూ అదే అడిగాను. ఒడ్డున నిలబడి చూసేది మరియ కదంకుల్, అన్నాడు. తన కంటికి ఆనిన పడవలో పోతే తనకు కొంచెం నిమ్మళంగా ఉంటదని."

పడవ మళ్లీ వచ్చి గులకరాళ్లకు తగిలింది.

విఠల్ ఐస్ పెట్టె ముందుకు జరిపాడు. చాలలేదు. ఒడ్డున రాళ్లు ఏరి ముక్కులో పెట్టాడు. ముక్కు కాస్త దిగింది. వెళ్లాడు. చెట్ల దగ్గర రాయి దొర్లింది. సత్తు మీద రాయి — ఆ చప్పుడు కొండకు తగిలి తిరిగొచ్చింది. చెట్ల మీద పక్షులు లేచిపోయాయి. నీళ్ల కింద ఏం లేచిపోయిందో కనబడలేదు.

తిరిగొచ్చాడు. రాళ్లు తీసి ఒడ్డున పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి తీసి, చప్పుడు కాకుండా.

ఆమెను రమ్మనలేదు. పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడూ అనలేదు.

మరియరాణి బూట్లు విప్పింది. మేజోళ్లు విప్పి బూట్లలో కుక్కింది. నీళ్లలోకి నడిచింది. చీలమండల దాకా నీళ్లు. చలికి కాళ్లు కొయ్యబారాయి. పడవ ముక్కు పట్టుకుంది.

"మరియమ్మా," అన్నాడు అంకుల్ వెనక నుంచి.

నరసాపురం మనిషి. ఆడవాళ్లు పడవెక్కరని ఆయనకూ తెలుసు.

ఆమె వింది. ఆగలేదు.

కుడికాలు లోపల పెట్టింది. అరికాలికి సత్తు తగిలింది. ఆ తాకిడి ఆమె పాదానికి తెలుసు. ఇసక కడిగించుకున్న సాయంత్రాలవి.

ఎడమకాలు పెట్టింది.

పడవ ఊగింది. విఠల్ చేతిలో రాయితో లేవబోయాడు.

"కూర్చో," అంది.

కూర్చున్నాడు.

ఆమె ముక్కులో ఉన్న పీట మీద కూర్చుంది. పీట కింద ఒక సంచి ఉంది. అందులో ఇంకో లైఫ్ జాకెట్ ఉందని అతను చెప్పాడు. తీసింది. కొత్తది. తొడుక్కుంది. పట్టీలు ఆమె కొలతకు ముందే సరిచేసి ఉన్నాయి.

ఇది ఎప్పుడు తెచ్చాడని ఆమె అడగలేదు.

"ఊపిరాడ్తుందా?" అన్నాడు.

"ఆడుతోంది."

ముక్కు దిగింది.

చెట్ల దాకా వెళ్లారు. మోటారు ఆగింది. కొండ సందులోంచి గాలి వచ్చింది. పడవ మీదుగా వెళ్లిపోయింది. పడవ ఉన్నచోటే ఉంది.

విఠల్ విసిరాడు. చుట్టుకున్నాడు. విసిరాడు. దారం చక్రంలోకి వెళ్లే చప్పుడు. ఎర నీళ్లలో పడే చప్పుడు. మధ్యలో ఏమీ లేదు. చచ్చిన చెట్లు వాటి నీడల మీద నిలబడి ఉన్నాయి.

మరియరాణి రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది.

చేపను ముందు చూసింది ఆమే.

ఎర పడవ దగ్గరికి వస్తోంది. ఎర వెనక నీళ్లు నల్లబడ్డాయి. ఆ నలుపుకు కన్నుంది. తొందర లేకుండా వస్తోంది. పడవ దాకా వచ్చింది. ఆమె కిందికి వచ్చింది. ఆగింది. చూసింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. అతనూ చూశాడు. గాలం కర్ర కొన నీళ్లలో ముంచి మెల్లగా సున్నా చుట్టినట్టు తిప్పాడు.

చేప వెనక్కి తిరిగింది. తిరిగిన చోట నీళ్లు మెలితిరిగాయి, సర్దుకున్నాయి.

"చూశినవా?" అన్నాడు. గుసగుసగా.

"చూశాను."

అతను నవ్వుతున్నాడు. ఆమె ఇంకా నీళ్లలోకే చూస్తోంది — మెలితిరిగిన చోటుకేసి.

అతను మళ్లీ విసిరాడు.

మరియరాణి వదిలిన చేతిని కిందికి దించింది. పడవ అడుగున, తన పాదాల పక్కన, వేలి కణుపులతో కొట్టింది.

తల వంచి వింది.

మోగలేదు.

పడవ నిండుగా ఉంది.

జకరయ్య ఫ్లాస్కులో టీ అయిపోయేసరికి పడవ చెట్ల మధ్యే ఉంది. ఇద్దరూ అందులోనే ఉన్నారు.