తుండు కింద మూడో చెయ్యి

బెంగళూరులో నేను వ్యవసాయ డిగ్రీ చదివే రోజుల మాట. ఎనభై మూడో, నాలుగో. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే మొదలు. హాస్టల్లో నా గదిలోనే ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకడు కుప్పం వాడు వెంకటముని. రెండోవాడు ఉగాండా దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన ముగిషా.

ముగిషా మన దేశం వచ్చి ఏడాది కావస్తున్నా హాస్టలు, కాలేజీ తప్ప ఏమీ చూడలేదు. సెలవుల్లో అందరం ఊళ్లకు పోతే అతనొక్కడే వరండాలో కూర్చునేవాడు. అందుకే ఒక శనివారం మా వైపు తీసుకుపోదామని అనుకున్నాం. కుప్పంలో ఒక పూట, చౌడేపల్లె దగ్గర మా పల్లెలో ఒక రాత్రి, ఆదివారమంతా మదనపల్లె. మదనపల్లె గురించి నేను చాలా గొప్పలు చెప్పి ఉన్నాను. పట్టు అంగళ్లు, టమేటా మండీ, సినిమా హాళ్లు, ఊరు దాటితే చల్లటి కొండ. ముగిషా ఇస్త్రీ చొక్కా ఒకటి మదనపల్లె కోసమని విడిగా మడత పెట్టుకున్నాడు.

పొద్దున్నే రైల్లో కుప్పంలో దిగాం. వెంకటముని వాళ్లమ్మ కుప్పమ్మ రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. ముగిషా తట్టలోకి వంగి చూశాడు. తర్వాత ఒక తుంట తుంచి, వేళ్ల మధ్య ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఊరిబిండి అద్దుకుని మింగాడు.

"మా ఇంట్లో కూడా ఇదే. ఈ రాగులే," అన్నాడు ఇంగ్లీషులో.

"ఏమంటాండాడ్రా?" అంది కుప్పమ్మ.

"వాళ్లమ్మ గూడా సంగటే కెలుకుతాదంట మా."

"అట్లయితే మన పిల్లోడేలే. ఇంగో ముద్ద ఏస్తాండా, వద్దనొద్దని చెప్పు."

సాయంత్రానికి బస్సులు మారి మా పల్లె చేరాం. ఆ ఏడు వానలు లేవు. దోవ పొడుగునా చేలు బోడిగా ఉన్నాయి. మా ఇంటి ముందు గాటికి మా అమ్మ పెంచిన ఆవు పొట్టెమ్మ కట్టేసి ఉంది. పుంగనూరు జాతిది, నా నడుము ఎత్తు కూడా ఉండదు. పుట్టిన దినమే తల్లి చనిపోతే అమ్మ గుడ్డను పాలలో ముంచి తాపి బతికించింది. ముగిషా వాళ్లది ఆవుల మందలున్న ఇల్లు. పొట్టెమ్మను చూడగానే చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. "మా ఆవు కొమ్ములే ఇంత ఉంటాయి. ఈమె మొత్తం కలిపి మా ఆవు కొమ్మంత లేదు!"

అమ్మకు చెప్పాను. నవ్వింది గానీ, కళ్లలో నవ్వు లేదు.

మా నాయన చెంగల్రాయుడు ముగిషాను మంచం మీద కూర్చోబెట్టి, నా వైపు తిరిగాడు. "నువ్వొచ్చింది మేలైంది సీరాములూ. రేపు పుంగనూరు సంతకు దీన్ని తోలకపోవల్ల. మేత ల్యా. దాని కడుపు మాడ్చి సూస్తా కూచోలేము."

"సిన్నాయన కాడ అడగమంటి," అంది అమ్మ లోపల్నుంచి. "పురుగులు తినంగా మిగిలిన రేశం ఆకు దిబ్బకు పోస్తాండాడంట. తెస్తే దీనికి సాలదా?"

"వాని గడప తొక్కేదిల్యా."

చిన్నాయన వెంకటేశులు నాయన తమ్ముడే. పక్క ఊళ్లో రేశం, అంటే మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతాడు. బావి నీళ్ల వంతు దగ్గర మాటా మాటా వచ్చి అన్నదమ్ములు రెండేళ్లుగా పలకరించుకోవడం లేదు. అమ్మ బయటికి వచ్చింది. కుడితి తొట్టి దగ్గర కూర్చుని పొట్టెమ్మ గంగడోలు నిమురుతూ ఉండిపోయింది. నాయన మాటకు ఎదురు చెప్పడం నాకు తెలియదు. ముగిషాకు విషయం చెప్పి, మదనపల్లె సాయంత్రం చూద్దామన్నాను. "ఆవుల సంతా? ముందు అదే చూద్దాం," అన్నాడు.

ఆదివారం తెల్లారే బయలుదేరాం. సంతలో దుమ్ము, కొబ్బరి తాళ్ల వాసన, అరుపులు. మా నాయనకు తెలిసిన దళారి మునెయ్య వచ్చి పొట్టెమ్మ పళ్లు చూశాడు, తోక ఎత్తి చూశాడు. తమిళనాడు సరిహద్దు నుంచి వచ్చిన ఒక ఆసామిని పిలుచుకొచ్చాడు.

మా వైపు పశువుల బేరం నోటితో జరగదు. దళారి తన భుజం మీది తుండును చేతుల మీద కప్పుతాడు. కింద వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు. ఏ వేలు పడితే ఎంతో వాళ్లకే తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లకు ముఖాలు తప్ప ఏమీ కనిపించవు. ఇంకో కట్టుబాటు ఉంది. బేరం నడుస్తుండగా తుండు కింద మూడోవాడి చెయ్యి పడకూడదు. పడిందంటే బేరం చెడినట్టే. ఆ దినం ఆ పశువును మళ్లీ ఎవరూ అడగరు.

ఇవేవీ ముగిషాకు చెప్పాలని మాకు తోచలేదు. అతను వెంకటమునితో సంతంతా తిరిగి, కనిపించిన ప్రతి ఆవునూ పలకరిస్తున్నాడు.

మునెయ్య ఆసామి వేళ్లు పట్టి చూసి వచ్చి, నాయన చేతి మీద తుండు కప్పాడు. నాయన ముఖం రాయిలా ఉంది. మునెయ్య కళ్లు చికిలించి నొక్కుతున్నాడు. "ఊ అనప్పా, ఊ అను. ఈ కరువులో ఇంత ఎవురిస్తారు?" నాయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. పొట్టెమ్మ నా మోకాలికి తల రుద్దుతోంది.

సరిగ్గా అప్పుడు ముగిషా వచ్చాడు. వాళ్ల దేశంలో పెద్దవాళ్లు కలిస్తే చేతులు పట్టుకుని అలాగే చాలాసేపు కుశలాలు అడుగుతారట. పక్కనున్నవాడు ఆ చేతుల మీద తన చెయ్యి కూడా వేయడం మర్యాదట. నాయనకు పాత స్నేహితుడెవరో దొరికాడనుకుని నవ్వుతూ తుండు కిందికి చెయ్యి పెట్టేశాడు.

"బాగుండారా!" అన్నాడు, మేము నేర్పిన ఒకే ఒక తెలుగు మాట.

మునెయ్య తేలు కుట్టినట్టు చెయ్యి లాక్కుని ఎగిరాడు. తుండు నాయన చేతి మీదే ఉండిపోయింది. "ఎవురిదిరా ఈ చెయ్యి? థూ, బేరం నాశనం చేసినాడే!"

ఆసామి పైపంచె దులుపుకున్నాడు. "బాగుంది బేరం! నాకొద్దు స్వామీ," అని గుంపులో కలిసిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "రాయుడన్నా, దొరను పెట్టుకోని సంతకొస్తే ఇంతే!" అని ఎవరో అరిచారు.

వెంకటముని చెవిలో చెప్పగానే ముగిషా ముఖం మాడిపోయింది. "నేను అతనితో మాట్లాడతాను. క్షమాపణ చెబుతాను. నా తప్పని చెప్పండి," అని గుంపు వైపు పరిగెత్తబోయాడు. నాయన అతని భుజం పట్టి ఆపాడు.

"ఈయప్పకు చెప్పు సీరాములూ. పోతే పోయిందిలే అని."

అంతే. పొట్టెమ్మ పలుపు నా చేతిలోంచి తీసుకుని తనే ముందు నడిచాడు. మేం వెనక. ఊరి దోవ చీలే చోట ఎడమకు తిరగాలి. నాయన కుడికి తిరిగాడు. అది చిన్నాయన ఊరి దోవ.

"యాడికి నాయనా?"

"ఈ పిల్లోడు అంత దూరం నుంచి వచ్చినాడు. పట్టుపురుగులు సూడకుండా పోతే ఏం బాగుంటాది?" అన్నాడు నా వైపు చూడకుండా.

ముగిషా పట్టుపురుగుల మాట ఎత్తనే లేదు. వెంకటముని నన్ను మోచేత్తో పొడిచాడు.

చిన్నాయన షెడ్డు ముందు, పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలు ఎండకు పెట్టుకుంటూ మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయాడు. నాయన ముగిషాను ముందుకు జరిపాడు.

"ఈయప్ప ఉగాండా నుంచి వచ్చినాడు. నీ పురుగులు సూడల్లంట."

చిన్నాయన ముగిషాను చూశాడు, ఆవును చూశాడు, దాని మెడలో సంత పలుపు చూశాడు. "కాళ్లు కడుక్కోని రాండి," అన్నాడు. పురుగుల గదిలోకి ఎవరినైనా అలాగే రమ్మంటారు.

లోపల చీకటి. తట్టల నిండా పురుగులు చిటపటమని చప్పుడు చేస్తూ ఆకు నములుతున్నాయి. ముగిషా తలెత్తి పైకప్పు వైపు చూశాడు. "వాన పడుతోందా?" అని అడిగాడు. నేను తెలుగులో చెప్పగానే చిన్నాయన నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. నవ్వాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

బయటికి వచ్చేసరికి పొట్టెమ్మ గోడవార పోసిన రేశం కాడల్లో మూతి పెట్టి తింటోంది. నాయన అడగలేదు. చిన్నాయనే పెద్ద మోపు కట్టి నా నెత్తికెత్తాడు. "దినామూ ఎవురినన్నా పంపియ్ నా. దిబ్బకు పోసేదే గదా," అన్నాడు. రెండేళ్ల తర్వాత అన్నను 'నా' అని పిలిచాడు.

పొట్టెమ్మ తిరిగి రావడం దూరం నుంచే చూసి అమ్మ వీధిలోకి వచ్చి నిలబడింది.

"ఈ పిల్లోడు బేరం చెడగొట్టినాడు," అన్నాడు నాయన, పలుపు ఆమె చేతికిస్తూ. అమ్మ మోపు వైపు చూసింది. ఆ పూట ముగిషా తట్టలో నెయ్యి పోసిన చెయ్యి ఆగలేదు. వెంకటముని ఊరుకోక, "మాకు ల్యాదా అత్తా?" అని అరిచాడు.

"మీరేం చేసినారప్పా, ఊరికే సంత సుట్టినారు," అంది అమ్మ.

బెంగళూరు బస్సు మదనపల్లెలో ఎక్కాలి. పుంగనూరు నుంచి పోయే బస్సులో ముగిషా చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"మీ నాయనకు నా మీద కోపం లేదు కదా?"

"లేదు. నీకెందుకా అనుమానం?"

"ఆ మనిషి అరిచినప్పుడు నేను వెంటనే చెయ్యి తీసేసుకోబోయాను. రాలేదు." తన కుడి చేతిని చూసుకున్నాడు. "మీ నాయన గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆసామి వెళ్లిపోయేదాకా వదల్లేదు."

నేనూ ఆ చేతి వైపు చూశాను.

మదనపల్లెలో దిగేటప్పటికి దీపాలు వెలిగాయి. బెంగళూరు బస్సు అప్పటికే హారను కొడుతోంది. ముగిషా ఇస్త్రీ చొక్కా సంచిలో మడత విప్పకుండా అలాగే ఉంది. బస్టాండులో టీ తాగుతూ అటూ ఇటూ చూశాడు.

"మదనపల్లె ఇదేనా?"

"ఇదే," అన్నాను సిగ్గుపడుతూ. "నీకేమీ చూపించలేకపోయాను."

"మళ్లీ వస్తాను కదా," అన్నాడు. "మీ అమ్మ నన్ను రమ్మని ముందే చెప్పింది."

"ఎప్పుడు? నీకు తెలుగు రాదు కదరా!"

"నెయ్యి పోసేటప్పుడు," అన్నాడు ముగిషా.