గాలి తిప్పే ముందు

ఆ ఆదివారం పొద్దున శ్రీకాంత్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. శంషాబాద్ బస్టాండు దగ్గర నిలబడి రెండు చాయ్‌లు తాగాడు, రెండూ సగం సగమే. "ఆరాంఘర్ దాటాను, వచ్చేస్తున్నా" అని లలిత్ ఫోన్ చేసి పావుగంటయింది. వస్తే వాడి ముందు మొహం ఎలా పెట్టాలో తెలియదు. రాకపోతే బాగుండనీ ఉంది. లోపల ఒక మాట పెట్టుకుని తిరగడమంటే చెప్పులో రాయి పెట్టుకుని నడవడమే.

ఆ మాట ఇదీ. శ్రీకాంత్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్లో పనిచేస్తాడు. నిన్న మధ్యాహ్నం డ్యూటీలో, ఈ సాయంత్రం ఏడూ పదికి చెన్నై వెళ్లే విమానం జాబితా చూస్తుంటే లలిత్ పేరు కనబడింది, ఇంటిపేరుతో సహా. చెన్నైతో ఆగలేదు, అక్కణ్నుంచి సోమవారం తెల్లారేసరికి పోర్ట్‌బ్లెయిర్. అంటే అండమాన్. అంటే సముద్రం!

చెప్పొద్దూ, శ్రీకాంత్‌కు కడుపు మండిపోయింది. రెండేళ్ల కింద, నేవీలో పనిచేసి వచ్చిన మల్లేశ్వర్ సార్ దగ్గర ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుక్కి దిగడం, నేర్చుకున్నారు. ఈ విద్యలో ఒంటరిగా దిగకూడదు, జోడీ ఉండాలి. కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసుకునే భీమవరం కుర్రాడికీ, శంషాబాద్ పక్క ఊరి రైతు కొడుక్కీ అలా జోడీ కుదిరింది. మొదటిసారి సముద్రంలో దిగితే ఇద్దరం కలిసే దిగాలని చేతిలో చెయ్యేసి అనుకున్నారు. డిసెంబర్లో శ్రీకాంత్‌కు సెలవు దొరకలేదు. "పర్లేదు లేరా, వచ్చే ఏడు వెళ్దాం" అన్నాడు లలిత్. ఇదిగో, ఫిబ్రవరి కూడా అయిపోలేదు, వాడికి వచ్చే ఏడు వచ్చేసింది. విమానాశ్రయం తెరిచిన నాలుగేళ్లలో వేలమందికి బోర్డింగ్ పాసులిచ్చి, తాను ఒక్కసారైనా విమానం ఎక్కని మనిషికి అది ఎక్కడ తగులుతుందో మీరే చెప్పండి.

అంతటితో పోతే అలిగి ఊరుకునేవాడు. కానీ ఇంకొకటుంది. లోతుకు దిగి వచ్చినవాడు పద్దెనిమిది గంటల దాకా విమానం ఎక్కకూడదు. లోతులో పీల్చిన గాలి నెత్తురులో ఇంకి ఉంటుంది. ఆ ఒంటితో ఆకాశంలోకి పోతే గోలీసోడా కొట్టినట్టు లోపల బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు చచ్చుబడతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇది లలిత్‌కు తెలియదా? తెలుసు. తెలిసీ "ఏం కాదులే" అనే రకం. ఇవాళ రానంటే శ్రీకాంత్ ఎందుకని అడుగుతాడు, గుట్టు బయటపడుతుంది. అందుకే వస్తున్నాడు మహానుభావుడు.

మరి మొహం మీదే అడిగెయ్యొచ్చు కదా అంటారా? ప్రయాణికుల వివరాలు బయట పెడితే ఉద్యోగం ఊడుతుంది. కిందటేడు ఒకాయన్ని అలాగే ఇంటికి పంపారు. కాబట్టి వాడంతట వాడే చెప్పాలి. చెప్పాలి మరి!

కారెక్కాక శ్రీకాంత్ డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు. "సాయంత్రం ఏమన్న పనుందా? సినిమాకు పోదాం."

లలిత్ గేరు మార్చాడు. "సాయంత్రమా? ఇంటికి చుట్టాలొస్తున్నార్రా. ఇంకోసారి చూద్దాం."

ఎంత నున్నగా ఆడాడు అబద్ధం! శ్రీకాంత్ కిటికీ అద్దం దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. "ఏంట్రా, అద్దంతో ఆటలు?" అన్నాడు లలిత్. ఏం లేదన్నాడు శ్రీకాంత్.

రావిర్యాల దాటాక మట్టిరోడ్డు మీద మూడు కిలోమీటర్లు పోతే క్వారీ. ఏళ్ల తరబడి రాయి తీసి, ఊట పడ్డాక వదిలేశారు. ఇప్పుడు అరవై అడుగుల లోతు పచ్చటి నీళ్లు. శ్రీకాంత్ తండ్రి పెంటయ్య పొలం పనుల్లేని రోజుల్లో అక్కడే సుత్తె పట్టినవాడు. వీళ్లు దిగే ప్రతి ఆదివారం ముందే వచ్చి, బండకు తాడు కట్టి నీళ్లలోకి వదిలి, వేపపుల్ల నములుతూ కాపలా కూర్చుంటాడు.

"నేనే తవ్విన ఈ గుంతను. అండ్ల రాయి తప్ప ఏం లేదని మొత్తుకుంటున్న, ఇనరు" అన్నాడు వీళ్లు సామాను దించుతుంటే.

"చేపలున్నాయి బాబాయ్ గారూ" అన్నాడు లలిత్.

"చేపలు సూడనీకి గింత సామానా? అంగట్ల సూడరాదా బిడ్డా!"

లలిత్ పగలబడి నవ్వాడు. శ్రీకాంత్‌కు నవ్వు రాలేదు. నెత్తి మీంచి ఒక విమానం చక్రాలు దించుకుని దిగుతోంది. అది దిగిపోయేదాకా చూశాడు, తర్వాత ఇంకోటి వస్తుందేమోనని చూశాడు.

దిగేముందు ఒకరి సామాను ఒకరు తనిఖీ చెయ్యడం ఈ విద్యలో తప్పనిసరి. జాకెట్, బరువుల బెల్టు, బకిళ్లు, ఆఖర్న గాలి. మల్లేశ్వర్ సార్ దానికి ఒక ప్రశ్న చేర్చాడు. 'చెప్పేదేమన్నా ఉందా?' ఒంట్లో బాగాలేదా, నిద్ర లేదా, భయమేస్తోందా, ఏదైనా సరే. "నీళ్లలోకి పోయాక నోరుండదు. ఉన్నది ఒడ్డు మీదే కక్కాలి" అనేవాడాయన. జవాబొచ్చాకే అవతలివాడి వీపు మీది సిలిండర్ మీట తిప్పి గాలి తెరవాలి. జోడీ అడగకుండా గాలి తిప్పితే ఆ రోజుకు ఇద్దరినీ ఇంటికి పంపేసేవాడు.

లలిత్ అడిగాడు. "చెప్పేదేమన్నా ఉందా?"

"లేదు" అన్నాడు శ్రీకాంత్. లలిత్ గాలి తిప్పాడు.

ఇప్పుడు శ్రీకాంత్ వంతు. బెల్టు గుంజాడు, బకిళ్లు గుంజాడు, అవసరం లేకపోయినా మళ్లీ గుంజాడు. "నీకేమన్న ఉన్నదా చెప్పేది?"

"లేదు."

"మల్ల అడుగుతున్న. ఏం లేదా?"

"లేదురా బాబూ! గాలి తిప్పు, ఎండ చంపుతోంది."

శ్రీకాంత్ చెయ్యి మీట మీద ఆగింది. ఒక్క మాట. "ఏడు పది" అంటే చాలు. వీడు సామాను విప్పేసి, సాయంత్రం హాయిగా విమానమెక్కి, రేపు తను లేకుండా సముద్రంలో దిగుతాడు. అదీ కళ్లముందు కనిపించింది. తిప్పేశాడు.

తాడు పట్టుకుని దిగారు. ఇరవై అడుగులు, ముప్పై, యాభై. అడుగున రాతి గోడకు వరసగా డ్రిల్లు బొక్కలున్నాయి, వాటిల్లో చిన్న చిన్న చేపలు. లలిత్ ఒక్కో బొక్కలోకీ టార్చి వేసి, రారమ్మని చెయ్యూపుతున్నాడు. మధ్యలో రెండుసార్లు దగ్గరికొచ్చి శ్రీకాంత్ గాలి మీటరు చూశాడు. మామూలుకన్నా తొందరగా తరిగిపోతోంది. బాగున్నావా అని వేళ్లతో సున్నా చుట్టి అడిగాడు. శ్రీకాంత్ సున్నా చుట్టాడు. సున్నా చుట్టి అబద్ధమాడడమెంతసేపు!

చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. పది నిమిషాలు. పదిహేను. ఇరవై. ఈ వెధవకు ఏమన్నా అయితే? చెన్నై దారిలో, ఆకాశంలో, కాళ్లు చచ్చుబడి పడిపోతే? వీడి వీపు మీద గాలి తిప్పింది ఎవరు?

ఇరవై నాలుగో నిమిషాన ఇక ఆగలేకపోయాడు. నీళ్లలో రాసుకోవడానికి నడుముకు వేలాడేసుకునే ప్లాస్టిక్ పలక లాగి రాశాడు. "చెన్నై 7.10. ఎక్కకు."

లలిత్ టార్చి వేసి చదివాడు. అద్దం వెనక కళ్లు పెద్దవయ్యాయి. నోటి పక్కనుంచి బుడగలు ఒక్కసారిగా గుప్పున లేచాయి. తర్వాత బొటనవేలు పైకెత్తాడు. పైకి పోదాం.

పైకొచ్చే దారిలో పదిహేను అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, అది నియమం. ఒకే తాడు పట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా వేలాడారు. అరవడానికి లేదు, పారిపోవడానికి లేదు. లలిత్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అంత పొడుగు మూడు నిమిషాలు శ్రీకాంత్ జన్మలో చూడలేదు.

ఒడ్డెక్కి ఎవరి సామాను వాళ్లు విప్పుకున్నారు. "ఏమైందిరా, గట్లున్నరు? దయ్యం గిట్ల కనవడ్డదా?" అన్నాడు పెంటయ్య. పుల్ల ఉమ్మేసి టిఫిన్ డబ్బా విప్పే పనిలో పడ్డాడు.

లలిత్ కాస్త దూరం పోయి ఫోన్ చేశాడు. "నేను రావట్లేదండీ. అవును, తెలుసు, రేపు పదింటికే పడవ. నా స్థానం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి." వచ్చి బండ మీద కూలబడ్డాడు.

"ఎక్కేసేవాణ్నిరా. యాభై అడుగులేగా, ఏమవుతుందిలే అనుకున్నా" అన్నాడు. "నీకు చెప్పడానికి సిగ్గేసింది. టికెట్ తీసుకున్న రోజునుంచీ నీతో సరిగా మాట్లాడలేకపోయాను, తెలుసా? ఒడ్డు మీదే ఎందుకు చెప్పలేదు మరి?"

"లిస్టు బయట చెప్తే నౌకరి పోతది."

లలిత్ చేతిలోని ఫోన్ బండ మీద పెట్టాడు. "ఉద్యోగం పోయినా పర్లేదని నా ప్రాణం కాపాడావు. నేనేమో నీకు మొహం చాటేశాను. నన్ను క్షమించరా."

ఛీ, తిట్టినా బాగుండేది! శ్రీకాంత్ లేచాడు, కూర్చున్నాడు. పెంటయ్య ఇచ్చిన జొన్నరొట్టె తుంచి చేతిలోనే నలిపాడు. ఒకటి తర్వాత ఒకటి విమానాలు దిగుతూనే ఉన్నాయి. గంట గడిచింది గానీ అతను ఒక్క ముక్కా మింగలేదు.

"ఇక ఎలాగూ ఎక్కేది లేదు. తెచ్చిన రెండో జత సిలిండర్లు ఎందుకు వృథా? పద, దిగుదాం" అన్నాడు లలిత్. మొహంలో దిగులుంది, అయినా నవ్వాడు.

మళ్లీ తనిఖీ. ఈసారీ ముందు లలిత్ వంతు. జాకెట్ సరిచూశాడు, బెల్టు సరిచూశాడు, బకిళ్లు సరిచూశాడు. శ్రీకాంత్ వీపు వెనక చేరి మీట మీద చెయ్యేశాడు. "చెప్పేదేమన్నా ఉందా?"

"ఉన్నది."

వెనక్కి తిరగలేదు శ్రీకాంత్. నీళ్ల వైపు చూస్తూనే చెప్పాడు. "నౌకరికి భయపడి ఆగలే. నౌకరి సంగతి ఉట్టిదే. ఒడ్డు మీద చెప్తే నువ్వు నీళ్లల్ల దిగకపోదువు, సాయంత్రం విమానమెక్కి పోదువు. తడిస్తే ఇగ పోలేవని, తెలిసే గాలి తిప్పిన. నేను లేకుంట నువ్వు సముద్రం చూడొద్దని. కింద భయమైంది గానీ... ముందుగాల అయితే గదే."

మీట మీది చెయ్యి కదల్లేదు. వీపు మీద సిలిండర్ బరువు మాత్రం తెలుస్తోంది.

"ఏందిరా పంచాయితీ? దిగుతరా, ఇంటికి పోదమా?" అని అరిచాడు పెంటయ్య.

"ఇంకేమన్నా ఉందా?" అన్నాడు లలిత్. గొంతు గట్టిగా ఉంది, నవ్వు లేదు.

"ఇగ లేదు."

మీట తిరిగిన చప్పుడయింది. "పీల్చి చూడు" అన్నాడు లలిత్.

శ్రీకాంత్ గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. గాలి వచ్చింది.