గీత లోపలి సముద్రం

ఆమె తయారుచేసిన చమురు సర్వే పటానికి ఆమోదం దొరికిందని పెద్దసారు వచ్చి చెప్పేసరికి, చేతిలో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. పెళ్లై నెల తిరగకుండానే ఎంత మంచి కబురు! భర్తకు చెబుదామని ఫోన్ తీస్తుంటే, పెద్దసారు మిగతాది కూడా చెప్పాడు. రేవులో సిద్ధంగా ఉన్న సర్వే ఓడ రేపు సాయంత్రమే కదులుతుంది. దాని మీద పరికరాలు చూసుకునేది ఆమె భర్తే. ఓడ తిరగాల్సిన హద్దుల్లో మార్పులేమైనా ఉంటే ఇవాళే చెప్పమన్నాడు.

కాఫీ చల్లారిపోయింది.

అడుగున బరువైన రాయి ఉన్నచోట సముద్రం పైమట్టం రవ్వంత ఉబ్బుతుంది. తేలికైన మట్టిపొరలు మందంగా పేరుకున్నచోట రవ్వంత కుంగుతుంది. ఉపగ్రహం కొలిచిన ఆ హెచ్చుతగ్గుల నుంచి గురుత్వాకర్షణ లెక్కగట్టి, చమురు ఉండే వీలున్న గుంట ఒకటి ఆమె పట్టుకుంది. ఉందో లేదో ఓడే తేల్చాలి. గుంట చుట్టూ గీత గీసినప్పుడు, సముద్రమే కదా, ఎవరు అడ్డొస్తారని ధారాళంగా గీసింది. అప్పటికి ఓడ మీద పనిచేసే, తర్వాత తన భర్త అయిన ఆ మనిషి ముఖం కూడా ఆమె ఎరగదు. ఆ వెడల్పంతా ఓడ పొలం దున్నినట్టు అటూ ఇటూ తిరగాలి. నెలలో అయ్యే పని రెండు నెలలు పడుతుంది.

లోతు సముద్రం వైపు కొలతలు స్పష్టంగా ఉన్నాయి. అక్కడ గీతను కాస్త లోపలికి జరిపింది. వారం కలిసొచ్చింది. తీరం వైపు జరపబోయి ఆగిపోయింది. నేల దగ్గరపడే కొద్దీ ఉపగ్రహం చూపు మసకబారుతుంది. గుంట అంచు ఆ మసకలోనే ఉండొచ్చు. చాలాసేపు చూసి, ఆ గీతను అలాగే వదిలేసింది.

ఇంటికి వెళ్లేసరికి అతడు పెట్టె సర్దుతున్నాడు. పక్కన కూర్చుని చొక్కాలు మడతపెడుతున్న ఆడపడుచు ఆటపట్టించింది.

"వదినతో జాగ్రత్త అన్నయ్యా. కోపమొస్తే ఇంకో గుంట కనిపెట్టేస్తుంది."

ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వే ముందుగా ఆగిపోయింది.

"తీరం వైపు తగ్గించలేకపోయానండీ," అంది.

"తగ్గించుంటే నేనే తిట్టేవాణ్ణి," అన్నాడతడు, తలెత్తకుండా. "కాకపోతే, నన్ను చూశాక గీసుంటే బాగుండేది."

ఆమెకూ మధ్యాహ్నం నుంచి అదే అనిపిస్తోంది. మడతపెట్టిన చొక్కా తీసి మళ్లీ మడతపెట్టింది.

"రేపు సెలవు పెట్టాను. పొద్దున్నే ఇద్దరం రేవుకి వెళ్దాం. ఓడ కదిలేదాకా నేనక్కడే ఉంటా."