పదకొండేళ్ళ కుట్టు తరగతి

మహిళా సమాజానికి అరవై ఏళ్ళు నిండుతున్నాయని కమిటీ చిన్న పుస్తకం వేయాలనుకుంది. చరిత్ర రాసే పని టైలరమ్మ నెత్తిన పడింది. కొత్త కార్యదర్శి ఆవిడే మరి. కొలతలు తప్ప ఇంకేమీ రాసి ఎరగనని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

సమాజం గదిలోని బీరువాలో పాత మినిట్స్ పుస్తకాలు ఏడు దొరికాయి. మొదటి పదకొండేళ్ళూ ప్రతి మంగళవారం ఒకటే రాత: "కుట్లు, అల్లికలు నేర్చుకున్నాము. ప్రగతి తృప్తికరము." తన విద్యే కదా అని ముందు మురిసిపోయింది. తర్వాత అనుమానం పట్టుకుంది. ఏ కుట్టో, ఏ రంగు దారమో ఒక్కచోటా లేదు. కుట్టు తెలిసిన మనిషి అవి రాయకుండా ఉండలేదు. పైగా సభ్యుల పేర్లలో మూడోది తన అత్తగారిది. గుండీ ఊడితే కోడలు వచ్చేదాకా కాచుకుని కూర్చునే మనిషి ఆవిడ.

"అత్తయ్యా, పదకొండేళ్ళు ఏం కుట్టారు మీరు?"

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు తలెత్తలేదు. "ఏదో కుట్టాం. ఇప్పుడెక్కడ గుర్తుంటాయి?"

"కాజా కుట్టడం వచ్చా?"

"ముందు వంట చూడు, అడుగంటుతోంది."

పొయ్యి మీద ఏమీ లేదు.

అప్పటి సభ్యుల్లో మిగిలిన మరో ఇద్దరు ఎదురెదురు ఇళ్ళలోనే ఉంటారు. రిటైరైన నర్సమ్మ నవ్వింది. "సూది పట్టింది నేనొక్కదాన్నే. అదీ ఇంజెక్షన్ సూది. ఆసుపత్రికి లేడీ డాక్టర్ కావాలని ఆఫీసుల చుట్టూ తిరగడానికి పెట్టుకున్నాం సమాజం."

ఎదురింటి పంతులమ్మ ఒప్పుకోలేదు. "దాని మాట నమ్మకు. అది చదువు చెప్పడానికి పెట్టింది. పలకలు మోసింది నేను. డాక్టర్ గొడవ తర్వాతొచ్చింది."

"మరి కుట్లని ఎందుకు రాశారు?"

"ఆ పుస్తకం మగవాళ్ళు అడిగి చూసేవాళ్ళమ్మా. కుట్లంటే పంపేవాళ్ళు. ఇవి రాస్తే గడప దాటనిస్తారా?"

ఇద్దరిలో ఎవరిది నిజమో టైలరమ్మకు అంతుపట్టలేదు. మళ్ళీ బీరువా ముందు కూర్చుంది. రెండో పుస్తకం అట్ట లోపల లేడీ డాక్టర్ కోసం పెట్టిన రెండు అర్జీల నకళ్ళు మడిచి ఉన్నాయి. మొదటిదానిలో అత్తగారి పేరు పక్కన వేలిముద్ర. మూడేళ్ళ తర్వాతి దానిలో వంకర టింకర సంతకం.

టైలరమ్మకు బుర్ర తిరిగిపోయింది. అత్తగారు ఎనిమిదో తరగతి పాసై ఈ ఇంట కాలుపెట్టిందని అందరూ చెప్పుకునేదే. మర్నాడు రెండు కాగితాలూ అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు వేలిముద్ర మీద వేలు పెట్టి చూసుకుంది. "పెళ్ళిచూపుల్లో మా నాన్న అబద్ధమాడాడు. మీ మామగారు ఉత్తరం చదవమంటే కళ్ళు మంటలనేదాన్ని. మూడేళ్ళు కళ్ళు మంటలే."

"డాక్టర్ వచ్చిందా?"

"వచ్చింది. నీ మొగుడు పుట్టినప్పుడు నాకు పురుడు పోసింది ఆవిడే. వాడికి మాత్రం నా చదువు సంగతి చెప్పకు."

టైలరమ్మ డాక్టర్ సంగతీ, చదువు సంగతీ రెండూ రాసింది. వేలిముద్ర సంతకమైన చోట అత్తగారి పేరు బదులు "ఒక సభ్యురాలు" అని పెట్టింది. ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చాక అత్తగారు అద్దాలు పెట్టుకుని చదివి, ఆ మాట కొట్టేసి తన పేరు రాసింది. సాయంత్రం దాన్నీ కొట్టేసింది. పొద్దున మళ్ళీ రాసింది. ఏది ఉంచాలో తేల్చమని ప్రెస్సువాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. చివరికి అత్తగారే ఫోన్ లాక్కుని, "పేరే ఉంచండి" అని పెట్టేసింది.

పుస్తకం వచ్చింది. తన పలకల గురించి రెండే ముక్కలు రాశావని పంతులమ్మ, అసలు సంగతి చివర్న పడేశావని నర్సమ్మ కోప్పడ్డారు.

బస్సు డ్రైవరైన టైలరమ్మ భర్త ఆ పేజీ మూడుసార్లు చదివాడు. మూడోనాడు భార్యను పక్కకు పిలిచాడు.

"అయితే అమ్మ ఎనిమిది చదవలేదా?"

"లేదండీ."

"మరి నాకు అక్షరాలు దిద్దించింది అమ్మే కదా?"

"అత్తయ్యే."

దీనికి కోపం తెచ్చుకోవాలో, గర్వపడాలో తెలియక అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపల అత్తగారు రేడియో గొంతు పెంచింది.