తొంభై ఎనిమిది మార్కుల ప్రశాంతత

పరీక్షగదిలో హాజరైనవారు వరుసగా వీరు: ముందు కుర్చీలో కర్నలుగారు, ఆయనకు కుడివైపు డాక్టరమ్మ, ఎడమవైపు కొత్తగా నియమితులైన ఆత్మబల అధికారి, ఎదురుగా చాపలమీద పదకొండుమంది సైనికులు, చిట్టచివర డ్రిల్లుమాస్టారు.

ఇరవై రెండేళ్లుగా మైదానంలో కుర్రకారుకు చెమటలు పట్టించిన మాస్టారు ఇప్పటికి రెండుసార్లు తప్పారు. పరుగులో కాదు, బస్కీలలో కాదు, ప్రశాంతతలో. ఛాతీకి పట్టీ బిగించుకొని పావుగంట కళ్లు మూసుకొని కూర్చోవాలి. గుండె ఎంత నెమ్మదిస్తే ఆత్మకు అన్ని మార్కులు; అవి అధికారి ముందున్న తెరమీద పడతాయి. ఈసారి డెబ్బై దాటకపోతే మాస్టారు సామాన్ల గదికి పోవలసిందే. అక్కడ బూట్లుంటాయి గాని, వాటిలో కాళ్లుండవు.

"మాస్టారూ, ఈసారైనా మనసు ఖాళీ చేయండి," అన్నారు అధికారి.

"చేస్తానండి. పోయిన సామానుకు పూచీ ఎవరిది?"

ఎవరో కిసుక్కుమన్నారు. "నవ్వితే రెండు మార్కులు కోత," అన్నారు అధికారి.

మాస్టారు కళ్లు మూశారు. చెవులు మూతపడలేదు. ఊపిరి చప్పుడునుబట్టే ఎవరు అలసిపోయారో చెప్పగల మనిషి ఆయన. పక్క చాపమీద 'పుల్ల' అని అందరూ పిలిచే బక్కపలచని కుర్రవాడి ఊపిరి తడబడుతున్నది. కళ్లు తెరిస్తే పరీక్ష పోయినట్టే. నిద్రపోతున్నాడేమోలే అని సరిపెట్టుకోబోయారు. తర్వాతి ఊపిరి వినబడలేదు.

కళ్లు తెరిచారు. పుల్ల గోడకు ఒరిగి ఉన్నాడు; పెదవులు పాలిపోయాయి.

"తొంభై ఎనిమిది!" అధికారి తెర చూసి మురిసిపోతున్నారు. "ఇంతటి ప్రశాంతత నా సర్వీసులో చూడలేదండీ, కర్నలుగారూ."

మాస్టారు ఒక్క అంగలో వెళ్లి పట్టీ తెంచి, కుర్రవాణ్ణి పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తారు. "డాక్టరమ్మా, ఇలా రండి, త్వరగా."

కాసేపటికి పుల్ల కళ్లు విప్పాడు.

"పొద్దున్న ఏం తిన్నావురా?"

"ఏమీ లేదండి. కడుపు ఖాళీగా ఉంటే మనసు త్వరగా ఖాళీ అవుతుందని సారే చెప్పారండి."

అధికారి తెరను శ్రద్ధగా తుడవసాగారు.

"మాస్టారికెన్ని?" కర్నలుగారు అడిగారు.

"ఇరవై తొమ్మిదండి. మధ్యలో లేచారు కదండీ."

కర్నలుగారు కిటికీవైపు చూసి, "రూలు రూలే," అన్నారు.

మరునాడు నోటీసు బోర్డుమీద ఉత్తర్వు వెలసింది: "తొంభై ఎనిమిది మార్కులు పొందిన సైనికుడు ప్రథమునిగా ప్రకటింపబడినాడు. డ్రిల్లుమాస్టారు సోమవారము నుండి సామాన్ల గది బాధ్యతలు స్వీకరింతురు. పరీక్షా సమయమున అనుమతి లేకుండ కన్నులు తెరచి, పైన పేర్కొన్న ప్రథముని ప్రాణము నిలిపినందులకు వారికి ఈ దళము సగౌరవముగా కృతజ్ఞతలు తెలుపుచున్నది."