డెల్మీరా ఇంటి కింది తుమ్మెదలు

పొద్దున్నే పొయ్యి రాజేసి, కెటిల్ పెట్టి, కోళ్ళకి బంగాళాదుంప తొక్కలు చల్లాక డెల్మీరా కిటికీ పక్కన కూర్చుని మాతే తాగేది. ఒకే సొరబుర్రలో వేడినీళ్ళు పోసుకుంటూ నలుగురూ చేతులు మార్చుకుని తాగే ఆకురసం అది. తనే పోసుకుని తనే తాగుతుంటే మరీ చేదుగా ఉండేది.

భూగోళపు దక్షిణ కొసన, చిలోయే అనే పెద్ద దీవి పక్కనున్న ఒక చిన్న దీవిలో, కొండ మీద మిగిలింది ఆమె ఇల్లొక్కటే. మిగతావాళ్ళు తమ చెక్క ఇళ్ళని దుంగల మీదికెక్కించి, ఎద్దుల్ని కట్టి, ఊరంతా కలిసి లాగించుకుని సముద్రపు ఒడ్డుకి దిగిపోయారు. అలా లాగించుకోవాలంటే గడప గడపకీ వెళ్ళి నోరు తెరిచి అడగాలి. అడగని ఇంటికి ఎద్దుల్ని తోలుకెళ్తే ఆ ఇంటిని అవమానించినట్టే. సాయం పొందినవాళ్ళు మళ్ళీ ఎద్దుల్నీ మనిషినీ పంపి బదులు తీర్చాలి. మొగుడు పోయాడు, ఎద్దుల్లేవు, ఏ మొహం పెట్టుకుని అడగను అని డెల్మీరా ఊరుకుంది. అడగలేదంటే ఆవిడకి ఒంటరిగా ఉండడమే ఇష్టమేమోనని ఊరు ఊరుకుంది. ఇద్దరి మర్యాదా బాగానే ఉంది. మధ్యలో ఐదు చలికాలాలు పోయాయి.

తోడంటే తుమ్మెదలే. అక్కడ చలి విరిగే సెప్టెంబరులో బొటనవేలంత రాణి మట్టిలోంచి లేచి వచ్చేది. మొహం నలుపు, ఒళ్ళంతా నారింజరంగు నూగు. ఇంటి కింద ఎలుకలు వదిలేసిన బొరియలో దూరి, మైనంతో చిట్టి కుండ చేసి తేనె నింపుకుని, గుడ్ల మీద కోడిపెట్టలా కూర్చుని పొదిగేది. అంతా ఒక్కతే.

"నువ్వూ దిక్కులేనిదానివే" అనేది డెల్మీరా నేలపలకల సందులోంచి.

వేసవికల్లా దానికి ఇంటినిండా కూతుళ్ళు. చిల్కో పొదల ఎర్రపూల మీద వాలి, కాళ్ళకి పుప్పొడి మూటలు కట్టుకుని వచ్చేవి. డెల్మీరాకి అసూయ వేసేది.

ఎండెక్కాక అవన్నీ కలిసి పలకల కింద రొద పెడితే ఇల్లు జానెడు పైకి లేచేది. ఒడ్డున ఆడవాళ్ళు తలెత్తి చూసి, "డెల్మీరా ఇల్లు లేచిందే, మధ్యాహ్నమైంది, ఇక దుంపలు పొయ్యి మీంచి దించు" అనుకునేవారు.

ఆ ఏడు మార్చిలో ఒక వానరోజున కోళ్ళని పిలవబోతే ఆమెకి గొంతు పెగల్లేదు. ఎన్నాళ్ళైందో మాట్లాడి. ఇంకో చలికాలం ఇక్కడుంటే పిచ్చెక్కుతుందని భయం పట్టుకుంది.

మర్నాడు ఎండ కాసింది. ఇల్లు మోకాలెత్తు లేచింది. డెల్మీరా ఒక మోకు తెచ్చి గుమ్మానికి కట్టి లాగింది. ఇల్లు కదిలింది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు. మోకు భుజాన వేసుకుని కొండ దిగింది, వెనకాల కోళ్ళు.

కానీ అక్కడ వేసవి ముగిసే మార్చి అంటే తుమ్మెదలకి ఆఖరి రోజులు. రెక్కలు చిరిగిన కూతుళ్ళు ఒక్కొక్కటే గడ్డిలో రాలిపోయాయి. రాలినకొద్దీ ఇల్లు బరువెక్కింది. చివరికి కొండ దిగువన నోల్బెర్తో అనే రైతు దుంపల చేను నడిమధ్య చతికిలబడింది. అప్పటికి ముసలి రాణి కూడా చచ్చిపోయింది. ఆ వేసవిలో పుట్టిన పిల్ల రాణులు మాత్రం చలికాలం పడుకోవడానికి మట్టి వెతుక్కుంటూ తలోదిక్కు ఎగిరిపోయాయి.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి నోల్బెర్తో. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నా దుంపల మీద ఇల్లు కూర్చోబెట్టారే, దోన్యా డెల్మీరా" అన్నాడు, పేరు ముందు మర్యాదమాట చేర్చి.

"నేను కూర్చోబెట్టలేదు. అదే కూర్చుంది."

"పొగ కూడా వస్తోంది. వండుకుంటూ ప్రయాణమా?"

ఆమె నవ్వలేదు. "రేపు తీసేస్తాను."

"ఎలాగండీ? తుమ్మెదలు మళ్ళీ లేవాలంటే వచ్చే వేసవే."

ఆ మాట అని నోల్బెర్తో టోపీ తీసి, చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరైనా ఇల్లు లాగమని అడగడానికొస్తే, ఆ ఇంటాయన గడపలో అలాగే నిలబడతాడు. అడిగేదాకా నోరు విప్పడు. డెల్మీరాకి అర్థమైంది. భుజం మీది మోకు కింద పెట్టింది.

"దోన్ నోల్బెర్తో, నా ఇల్లు ఒడ్డుకి లాగాలి. మీ ఎద్దులు కావాలి. బదులు పంపడానికి నాకెవరూ లేరు."

అతను టోపీ పెట్టుకున్నాడు.

"ఊళ్ళో అందరూ ట్రాక్టర్లు కొనుక్కున్నారు. ఈ ముసలి ఎద్దుల్ని అమ్మెయ్యమని మా చెల్లెలు ఏళ్ళ తరబడి నా ప్రాణం తీస్తోంది. మీరు అడుగుతారని ఉంచాను."

అని కొట్టం వైపు నడిచాడు. డెల్మీరా దుంపల బోదె మీద కూలబడి, గొంతెత్తి ఏడ్చింది.