నమ్మకస్తుడి పేరున్న పలక

వినండన్నా! థర్మన్ దొర పశువుల రాంచ్ ఎంత పెద్దదంటే, ఈ కొసన పుట్టిన దూడ మేసుకుంటూ ఆ కొసకి చేరేసరికి ముసలెద్దయ్యేది. అంత నేల దొర తాత చేతికి ఎలా వచ్చిందో దక్షిణ టెక్సాస్‌లో పశువులు తోలే మన మెక్సికన్లందరికీ తెలుసు. తెలిసీ నోరు మెదపరు. కూలి ఆ గేటు లోపల్నుంచే రావాలి కదా.

ఆ దొర ఒకనాడు హైవే పక్కన, వాగు దగ్గర, సర్కారు వారి చరిత్ర పలక పాతించాడు. పోత ఇనుముది. గుంత తవ్వింది మనవాళ్ళే. ఆవేళ విందుకి ఎద్దుని కోసి, నిప్పుల గుంతలో పూడ్చి కాల్చిందీ మనవాళ్ళే.

పలక మీద రాంచ్ మేస్త్రీ మకారియో వాళ్ళ తాత పేరుందని ముందే పొక్కింది. మకారియోకి ఇంగ్లీషు చదవడం రాదు. అయితేనేం? వారమంతా ఛాతీ విరుచుకునే తిరిగాడు.

"మా తాత పొన్సియానో తాడు విసిరితే సుడిగాలి మెడకి పడేది! ఊరికే పోస్తారేంట్రా ఇనుములో పేరు?"

పలక మీది ముసుగు తీశారు. దొర చప్పట్లు కొట్టాడు. బడిలో పాఠాలు చెప్పే మన ఇర్మా ముందుకెళ్ళి, మనవాళ్ళ కోసం మన భాషలో చదివింది.

"1915లో ఇక్కడ పెద్ద థర్మన్ గారు బందిపోటు ముఠాని తుదముట్టించారు. తుమ్మల్లో వాళ్ళు దాక్కున్న చోటికి దారి చూపిన నమ్మకస్తుడు..."

ఇర్మా ఆగిపోయింది.

"చదవమ్మా, సిగ్గెందుకు?" అన్నాడు మకారియో నవ్వుతూ.

"...పొన్సియానో."

ముఠా లేదు, పాడూ లేదు. వాగు ఒడ్డు పొలం అమ్మం పొమ్మన్న ముగ్గురు రైతులు వాళ్ళు. అందులో ఒకడు మన పెద్దావిడ దోన్య తొమాసా తండ్రి. ఆ తుమ్మల్లోకి దారి చూపిందెవడని అరవై ఏళ్ళుగా ఊరు ఊరంతా అడుగుతూనే ఉంది. చివరికి జవాబు దొరే పోత పోయించి, రోడ్డు మీద నిలబెట్టాడు!

తొమాసా నోట్లో ఉన్న విందు మాంసం నేల మీద ఉమ్మేసింది.

"మకారియో, నీకు దిగుతోందా ముద్ద?"

దిగలేదు. మింగలేదు, కక్కలేదు, బుగ్గన పెట్టుకునే ఇల్లు చేరాడు. ఆ తర్వాత అతన్ని చూసి వీధికుక్కలు కూడా మొరగడం మానేశాయి. ఆ మాత్రం మర్యాదకీ తగడనుకున్నాయేమో. భార్య కాఫీ గ్లాసు చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి హాల్లో మీటింగు. కుర్రాళ్ళలో పెద్దనోరు నికానోర్ది.

"పలక తీసెయ్యమని అడిగొచ్చాం. 'చరిత్రని పీకుతారా?' అని దొర నవ్వాడు. శనివారం పశువుల లారీలొస్తాయి. ఒక్క దూడ కూడా ఎక్కకూడదు!"

"పిల్లలకేం పెడతావురా, నీ ఉపన్యాసమా?" అన్నాడొక ముసలాయన.

"ఇన్నాళ్ళూ ఏం పెట్టావు తాతా? ఆ వాగు నీళ్ళకి కూడా దొరనే అడుక్కున్నాం!"

అప్పుడు గుమ్మంలో మకారియో కనబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"పోరా బయటికి! ఇక్కడి మాట అక్కడ ఊదడానికొచ్చావా?" అని అరిచారెవరో.

"ఊదను," అన్నాడు తలెత్తకుండా. "మా తాతే చూపాడు. బతుకంతా కోతలు కోశాను, ఇప్పుడు కాదని కోయలేను. ఏం చెయ్యమంటారో చెప్పండి, చేస్తా."

తొమాసా లేచింది.

"నీ తాత దారి చూపాడు. నువ్వు దారికి అడ్డంపడి పడుకో."

శనివారం లారీలు వచ్చేసరికి మకారియో గేటు ముందు మట్టిలో వెల్లకిలా పడున్నాడు. హారన్లు మోగాయి. ముందు లారీ బంపరు అతని బూట్లకి తగిలి ఆగింది. నికానోర్ వచ్చి పడుకున్నాడు. పిల్లలకేం పెడతావన్న ముసలాయన తిట్టుకుంటూ వచ్చి పడుకున్నాడు. ఆడవాళ్ళు కొంగులు బిగించి కూర్చున్నారు. లోపల మంద అరుస్తోంది, బయట జనం అరుస్తున్నారు, మధ్యలో దొర గొంతు ఎవరికీ వినబడలేదు.

పోలీసు పెద్ద షెరీఫ్ ఖాళీ బస్సుతో వచ్చాడు. మకారియో పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మీవాళ్ళు మంచోళ్ళయ్యా, తరాల్నుంచి. ఇది మొదలెట్టిందెవరో చూపించు చాలు. నీ మేస్త్రీ పని నీకుంటుంది."

అరుపులు ఆగిపోయాయి. అందరి కళ్ళూ మకారియో చేతి మీదే. అతని మొహం కందగడ్డయింది. లేచి కూర్చుని, రెండు చేతులూ తనే వెనక్కి పెట్టుకున్నాడు.

"బేడీలెయ్యండి. ఇవి బయటుంటే నాకే భయం."

బస్సులోకి తోశారు. కిటికీ పక్కన కూర్చున్నాడు. నికానోర్ని ఎక్కించారు, ముసలాయన్ని ఎక్కించారు, ఇర్మాని ఎక్కించారు. సీట్లన్నీ నిండుతున్నా మకారియో పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. అతను కిటికీలోంచి తల తిప్పలేదు.

చివరికి తొమాసా ఎక్కింది. కాసేపు నడవాలో నిలబడింది. బయట గేటు ముందు ఇంకా జనం పడుకునే ఉన్నారు, వస్తూనే ఉన్నారు.

"జరుగు," అంది మకారియోతో, అతని మొహం చూడకుండానే. "ఇంకా చాలామంది ఎక్కాలి."